రోహిణిని ఆకాశంలో గుర్తుపట్టడం ఎలా? నారింజ రంగు చుక్క కోసం సమగ్ర మార్గదర్శి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట వినని తెలుగువాళ్లు ఉండరు. ఆడపిల్లకు రోహిణి అని పేరు పెట్టుకుంటాం. కృష్ణుడు పుట్టిన నక్షత్రమని చెప్పుకుంటాం. ముహూర్తానికి రోహిణి కుదిరిందంటే సంతోషిస్తాం. ఇంతగా నోట్లో నానే పేరే అయినా, ఆకాశంలో రోహిణి ఏదో వేలు పెట్టి చూపించమంటే చూపించగలిగేవాళ్లు చాలా తక్కువ. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఇది కష్టపడి వెతకాల్సిన చుక్క కాదు. రాత్రి ఆకాశంలో బాగా మెరిసే పదిహేను నక్షత్రాల్లో ఒకటి. టెలిస్కోపు అక్కర్లేదు, ఊరు దాటి పోనక్కర్లేదు. ఎప్పుడు, ఎటు చూడాలో తెలిస్తే చాలు. ప్రపంచమంతా అల్డెబరాన్ అని పిలిచే నక్షత్రం ఇదే.

ముందు రోజులు చూసుకోండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి అప్పుడే రోహిణి కనిపిస్తుందనుకుంటారు. నిజానికి ఏడాది మొత్తంలో ఆ నక్షత్రం అసలు కనిపించని రోజులు అవే. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే కాలం. జూన్ 1 దరిదాపుల్లో సూర్యుడు, రోహిణి ఆకాశంలో పక్కపక్కనే ఉంటారు. తెల్లారితే కలిసి ఉదయిస్తారు, సాయంత్రం కలిసి అస్తమిస్తారు. అందుకే మే రెండో వారం నుంచి జూన్ చివరి దాకా రోహిణి కోసం వెతకొద్దు. ఆ రోజుల్లో కాసే ఎండకూ ఈ నక్షత్రానికీ సంబంధం లేదు. రోళ్లు పగలగొట్టేది సూర్యుడే, రోహిణి ఆ చోటికి ఆనవాలు మాత్రమే.

జులై నుంచి తెల్లవారుజామున తూర్పున కనిపించడం మొదలవుతుంది. ఆ తర్వాత రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు, నెలకు రెండు గంటల చొప్పున ముందుకు జరుగుతూ వస్తుంది. కృష్ణాష్టమి నాటికి అర్ధరాత్రి అటూ ఇటూగా ఉదయిస్తుంది. నవంబర్ మొదట్లో రాత్రి ఎనిమిది కాకముందే తూర్పున పైకి వస్తుంది. డిసెంబర్ మొదట్లో పొద్దుగూకే వేళకు ఉదయించి, అర్ధరాత్రికి నడినెత్తికి చేరి, తెల్లారేదాకా ఉంటుంది. సంక్రాంతికి రాత్రి తొమ్మిది దాటగానే నడినెత్తిన ఉంటుంది. మార్చిలో చీకటి పడేసరికే పడమటి వైపు వాలుతూ ఉంటుంది, ఏప్రిల్ చివరికి పడమట బాగా కిందకు దిగిపోతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళను ఎంచుకోండి. మబ్బులుండవు, పిల్లలు మేలుకునే ఉంటారు, చుక్క కూడా ఎత్తులో ఉంటుంది.

మేడ మీద చేసుకోవాల్సినవి

హైదరాబాద్ నడిబొడ్డున, వీధి దీపాల వెలుతురులో కూడా రోహిణి కనిపిస్తుంది. అయితే దాని చుట్టూ ఉన్న చిన్న చుక్కలు కూడా కనిపించాలంటే కాస్త చీకటి కావాలి. మేడ మీద లైటు తీసేసి, వాటర్ ట్యాంకు నీడ లాంటి చోట పది, పదిహేను నిమిషాలు కూర్చోండి. ఆ కాసేపూ ఫోన్ చూడొద్దు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఒక్కసారి తెల్లటి స్క్రీన్ చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. తప్పనిసరిగా చూడాలంటే బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించండి.

ఆకాశంలో దూరాలు కొలవడానికి మీ చెయ్యే చాలు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. జాన పూర్తిగా చాపితే బొటనవేలి చివర నుంచి చిటికెన వేలి చివరకు సుమారు ఇరవై డిగ్రీలు. మధ్య మూడు వేళ్లు కలిపి పెడితే అయిదు. పిల్లల చెయ్యి చిన్నదైనా చేతి పొడవూ దానికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి ఈ కొలత వాళ్లకూ సరిపోతుంది.

మూడు చుక్కల దగ్గర మొదలుపెట్టండి

రోహిణిని నేరుగా వెతకొద్దు. ముందు ఓరియన్ అనే నక్షత్రాల గుంపును పట్టుకోండి. ఒకే వరసలో, దగ్గర దగ్గరగా, సమానమైన ఎడంతో మూడు చుక్కలుంటాయి. చలికాలం ఆకాశంలో ఇంకెక్కడా ఇలాంటి వరస లేదు, అందుకే పొరపడే ప్రమాదం లేదు. ఆ మూడింటికీ ఒక పక్క ఎర్రగా ఆరుద్ర, ఇంకో పక్క తెల్లగా రైజెల్ మెరుస్తుంటాయి.

ఇప్పుడు మూడు చుక్కల మీదుగా ఒక గీత ఊహించుకుని రెండు వైపులా పొడిగించండి. ఒక వైపు గీత రాత్రి ఆకాశంలోకే అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్ దగ్గరికి తీసుకెళ్తుంది. రెండో వైపు ఒక జాన కంటే కొంచెం ఎక్కువ దూరం వెళ్తే, ఆ దారిలో మెరిసే నారింజ రంగు చుక్క కనిపిస్తుంది. అదే రోహిణి.

చుక్క సరిగ్గా గీత మీదే ఉండదు, ఉత్తరం వైపు మూడు వేళ్లంత పక్కకు ఉంటుంది. సాయంత్రం వేళ తూర్పున ఓరియన్ ఉదయిస్తున్నప్పుడైతే మూడు చుక్కలూ దాదాపు నిలువుగా, ఒకదాని మీద ఒకటి ఉన్నట్టు కనిపిస్తాయి. అప్పుడు రోహిణి వాటికి పైన, కాస్త ఎడమగా ఉంటుంది. సిరియస్ ఇంకా ఉదయించి ఉండకపోవచ్చు, కంగారు పడకండి.

ఆస్ట్రేలియాలో ఉండే మనవాళ్లకు ఇదంతా తలకిందులు. ఉత్తరం వైపు తిరిగి నిలబడాలి. అక్కడ ఓరియన్ తల్లకిందులుగా కనిపిస్తుంది, రోహిణి దానికి కింద ఎడమ పక్కన ఉంటుంది. అమెరికాలో వాళ్లకు ఇక్కడి లెక్కే, కాకపోతే చుక్క నడినెత్తికి రాకుండా దక్షిణం వైపు కొంచెం వాలి ఉంటుంది.

అదేనా కాదా అని తేల్చుకోవడం

రోహిణి ఒంటరిగా ఉండదు. జాగ్రత్తగా చూస్తే అది ఇంగ్లిష్ అక్షరం వి (V) ఆకారంలో ఉన్న ఒక గుంపుకు ఒక కొస. వి మొత్తం మూడు వేళ్ల వెనక దాక్కునేంతే ఉంటుంది. మన పూర్వులు దీన్ని బండిగా ఊహించి రోహిణీ శకటం అన్నారు. శని గానీ కుజుడు గానీ ఈ బండిలోంచి దూసుకుపోతే లోకానికి చేటని వరాహమిహిరుడు బృహత్సంహితలో రాశాడు. ఫలితాల సంగతి అలా ఉంచితే, అంత చిన్న ఆకారాన్ని గుర్తుపెట్టుకుని, గ్రహాలు దానికి ఎంత దగ్గరగా వెళ్తున్నాయో కనిపెట్టిన వాళ్ల చూపు మాత్రం మెచ్చుకోదగ్గది.

ఈ గుంపును హయడీస్ అంటారు. చిత్రమేమిటంటే, రోహిణి అందులో భాగం కానే కాదు. గుంపు మనకు సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. రోహిణి సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది, అంటే సగం దూరం కూడా లేదు. మన చూపు దారిలో అడ్డంగా ఉండటం వల్ల గుంపులో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఇది తెలిశాక మళ్లీ పైకి చూడండి. చదునుగా కనిపించే ఆకాశానికి లోతు వస్తుంది. ఇదొక్కటి మీ పిల్లలకు చూపించినా ఆ రాత్రి మేలుకున్నందుకు ఫలితం దక్కినట్టే.

రెండో ఆనవాలు కృత్తికలు. ఓరియన్ నుంచి రోహిణి మీదుగా అదే దిశలో ఇంకో పిడికిలి కంటే కొంచెం ఎక్కువ దూరం పోతే, మసకగా, ముద్దగా ఒక గుంపు కనిపిస్తుంది. ఓరియన్, రోహిణి, కృత్తికలు ఈ వరసలో ఉంటే మీరు చూస్తున్నది రోహిణే, అనుమానం అక్కర్లేదు.

పొరపాటు జరిగేది రెండింటితో. ఒకటి ఆరుద్ర, అది కూడా ఎర్రగానే ఉంటుంది. కానీ దాని చుట్టూ వి ఉండదు, మూడు చుక్కలకు బాగా దగ్గరగా ఉంటుంది. రెండోది అంగారకుడు. అది అప్పుడప్పుడూ రోహిణి పక్కకే వస్తుంది. 2022 డిసెంబర్‌లో అలాగే వచ్చి, రోహిణి కంటే చాలా ఎక్కువగా వెలిగింది. గ్రహం మినుకుమినుకుమనదు, వారం తర్వాత చూస్తే జరిగి ఉంటుంది. స్టెల్లేరియం లాంటి ఉచిత యాప్‌తో సరిచూసుకోవచ్చు గానీ, ముందు కంటితో వెతికి, ఆ తర్వాతే యాప్ తెరవండి. యాప్ చూపించిన చుక్క మర్నాటికి గుర్తుండదు, తనంతట తాను పట్టుకున్న చుక్కను ఎవరూ మర్చిపోరు.

నడినెత్తి పరీక్ష: కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ల అదృష్టం

రోహిణి ఆకాశంలో భూమధ్యరేఖకు ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల మీద ఉంటుంది. విజయవాడ అక్షాంశం కూడా పదహారున్నర డిగ్రీలే. భీమవరానిదీ అంతే. అంటే ఆ ఊళ్లలో ఉన్నవాళ్లకు రోహిణి రోజూ ఒకసారి నెత్తికి సరిగ్గా పైన, నిట్టనిలువుగా నిలుస్తుంది. ప్రపంచంలో చాలా దేశాల వాళ్లకు ఈ భాగ్యం లేదు. హైదరాబాద్‌లో ఒక్క డిగ్రీ కూడా తేడా ఉండదు, కాకపోతే దక్షిణం వైపు. తిరుపతిలో సుమారు మూడు డిగ్రీలు ఉత్తరంగా దాటుతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు, దారం తీసుకోండి. దొరక్కపోతే పొడుగాటి దారానికి రాయి కట్టండి. మేడ మీద బట్టలారేసే తీగకో, పిట్టగోడకు అడ్డంగా పెట్టిన కర్రకో కట్టి వేలాడదీయండి. రాయి ఊగడం ఆగాక, కింద చాప మీద వెల్లకిలా పడుకుని, ఒక కన్ను మూసి, రాయి పక్క నుంచి దారం వెంబడి పైకి చూడండి. సంక్రాంతి రోజుల్లో విజయవాడలో రాత్రి 9 గంటల 10 నిమిషాల ప్రాంతంలో దారం పైకొస దగ్గరే రోహిణి నిలబడి ఉంటుంది. హైదరాబాద్‌లో ఇంకో పది నిమిషాలు ఆగాలి, ఎందుకంటే అది పడమరగా ఉంది. ఫిబ్రవరి మొదటి రోజున ఇదే దృశ్యం విజయవాడలో ఎనిమిది గంటలకు వస్తుంది. అలాగే పడుకుని పది నిమిషాలు చూస్తే చుక్క దారానికి పడమటి పక్కకు దాటిపోవడం స్పష్టంగా తెలుస్తుంది. అది మనం తిరుగుతున్న వేగం.

రాయి ముఖం మీద పడకుండా ముడి గట్టిగా వేయండి, పిల్లలుంటే రాయి బదులు గుడ్డ మూట కట్టండి.

రంగు ఎలా చూడాలి, ఆ రంగు ఎక్కడిది

తొలిసారి చూసినవాళ్లు "తెల్లగానే ఉంది కదా" అంటారు. ఒంటరి చుక్క రంగును కన్ను సరిగా పట్టుకోలేదు. పోల్చి చూడాలి. రైజెల్‌ను నాలుగైదు క్షణాలు చూసి, వెంటనే చూపును రోహిణి మీదకు తిప్పండి. నీలితెలుపు పక్కన నారింజ వెంటనే తేలిపోతుంది. బైనాక్యులర్ ఉంటే ఫోకస్‌ను కావాలనే కొంచెం చెడగొట్టండి. చుక్క చిన్న బిళ్లలా పరుచుకుంటుంది, రంగు ఇంకా బాగా తెలుస్తుంది. టెన్ బై ఫిఫ్టీ బైనాక్యులర్‌లో వి మొత్తం ఒకేసారి పడుతుంది. రోహిణి ఉన్న కొమ్మలోనే పక్కపక్కన రెండు చుక్కల జంట ఉంది, థీటా టారీ అంటారు. కంటి చూపు బాగున్నవాళ్లు ఆ రెంటినీ బైనాక్యులర్ లేకుండానే విడదీసి చూడగలరు, ప్రయత్నించండి.

రంగుకు కారణం వేడి. సూర్యుడి పైభాగం వేడి సుమారు 5,800 కెల్విన్‌లు. రోహిణిది 3,900 దగ్గర. చల్లనిదైనా సూర్యుడి కంటే 400 రెట్లకు పైగా వెలుగు చిమ్ముతుంది, ఎందుకంటే దాని వ్యాసం సూర్యుడి వ్యాసానికి దాదాపు 45 రెట్లు. సూర్యుడి చోట రోహిణిని పెడితే, బుధుడి దాకా ఉన్న దూరంలో సగం పైగా అదే ఆక్రమిస్తుంది. అంతా చేసి దాని బరువు మాత్రం సూర్యుడి కంటే కాస్తే ఎక్కువ. నడిమధ్యన హైడ్రోజన్ అయిపోయింది. మిగిలిన హైడ్రోజన్ ఆ గర్భం చుట్టూ పొరలా మండుతోంది, ఆ వేడికి పై పొరలు ఉబ్బి చల్లబడ్డాయి. మరో 500 కోట్ల ఏళ్లకు మన సూర్యుడూ ఈ దశకు రావాల్సిందే.

ఇక్కడ మనవాడని చెప్పుకోదగ్గ ఒకరి పని ఉంది. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు 1957లో అమెరికా శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి ఒక సంగతి బయటపెట్టాడు. రోహిణి లాంటి చల్లని నక్షత్రాల వర్ణపటంలో, అంటే రంగులుగా విడదీసిన వాటి వెలుగులో, కాల్షియం వల్ల వచ్చే ఒక గీత నడుమ సన్నటి వెలుగు ఉంటుంది. ఆ వెలుగు ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అసలు ప్రకాశం అంత ఎక్కువ. అసలు ప్రకాశం తెలిస్తే దూరం కట్టొచ్చు. ప్రపంచమంతా దాన్ని విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటుంది. ఆయన తండ్రి హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవాడు.

పంచాంగంతో చూడటం

ఇంట్లో గోడకున్న క్యాలెండర్‌లో ప్రతి నెలా ఒక రోజు దగ్గర "రోహిణి" అని ఉంటుంది. చంద్రుడు ఆ రోజు రోహిణి ప్రాంతంలో ఉన్నాడని దానర్థం. పక్కనే ఎప్పటివరకో కూడా ఇస్తారు. మీరు చూడాలనుకున్న రాత్రి వేళ ఆ సమయం లోపే పడేలా రోజు ఎంచుకోండి. నక్షత్రం మొదలైన తర్వాత తొలి సగంలోనే చంద్రుడు అసలు చుక్కకు బాగా దగ్గరగా వస్తాడు. కార్తీక పౌర్ణమికి నిండు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు. మర్నాడు రాత్రి రోహిణి దగ్గరికి జరుగుతాడు. ఈ రెండు రాత్రులూ వరసగా చూస్తే క్యాలెండర్‌లో అచ్చైన పేర్లకు ఆకాశంలో చోటు కనిపిస్తుంది. చంద్రుడి వెలుగుకు వి మాత్రం కనిపించదు.

దక్షుడి 27 మంది కూతుళ్లలో చంద్రుడికి రోహిణి మీదే ప్రేమ ఎక్కువన్న కథ తెలిసిందే. ఆ కథకు ఆకాశంలో ఆధారం ఉంది. చంద్రుడి దారి 18.6 ఏళ్ల చక్రంలో పైకీ కిందకీ ఊగుతుంది. కొన్నేళ్లు రోహిణికి పిడికిలంత ఉత్తరంగా పోతాడు, మరికొన్నేళ్లు నెలనెలా దాని మీదుగానే పోయి కప్పేస్తాడు. 2015 జనవరి నుంచి 2018 సెప్టెంబర్ దాకా అలా కప్పాడు. 2023 నుంచి 2029 దాకా కృత్తికల వంతు. 2033లో మళ్లీ రోహిణి వంతు మొదలవుతుంది. ప్రతిసారీ అన్ని ఊళ్లకూ కనిపించదు, కాబట్టి ఆ ఏడాది మీ ఊరికి ఎప్పుడో ముందుగా చూసిపెట్టుకోండి. పౌర్ణమికి ముందు తిథుల్లో అయితే చంద్రుడి చీకటి అంచు వెనక చుక్క టక్కున ఆరిపోతుంది.

ఏథెన్స్‌లో క్రీ.శ. 509 మార్చిలో ఇలాంటి కప్పడం ఒకటి చూసి రాసిపెట్టారు. 1718లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హాలీ ఇలాంటి పాత లెక్కలను తన కాలపు కొలతలతో పోల్చి, సిరియస్, స్వాతి, రోహిణి నిలిచిన చోట నిలవడం లేదని, నక్షత్రాలకూ కదలిక ఉందని తేల్చాడు.

ఫోన్‌తో ఫొటో

ఫోన్‌ను స్టాండుకు గట్టిగా బిగించి ప్రో మోడ్ తెరవండి. ఐఎస్ఓ 800, షట్టర్ పది సెకన్లు, ఫోకస్ చేత్తో అనంతానికి పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం వైట్ బ్యాలెన్స్. ఆటోలో వదిలేస్తే ఫోన్ నారింజను తెలుపుగా దిద్దేస్తుంది. 5,000 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టండి. బటన్ నొక్కితే ఫోన్ కదులుతుంది కాబట్టి మూడు సెకన్ల టైమర్ పెట్టుకోండి. ఓరియన్, రోహిణి, కృత్తికలు మూడూ ఒకే ఫ్రేములో సులువుగా పడతాయి.

రోహిణి కొలబద్దగా ఆరుద్రను గమనించండి

గుర్తుపట్టడం వచ్చేశాక ఇక్కడితో ఆపొద్దు. రోహిణి ప్రకాశం పెద్దగా మారదు, 0.9 ప్రమాణం (నక్షత్రాల ప్రకాశాన్ని చెప్పే సంఖ్య) దగ్గరే ఉంటుంది. ఆరుద్ర మాత్రం బాగా మారుతుంది. 2019 చివర్లో అది మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరికి 1.6 ప్రమాణం దాకా పడిపోయింది. రోజూ చూసేవాళ్లకు ఆరుద్ర రోహిణి కంటే వెలవెలబోవడం మామూలు కంటితోనే తెలిసింది. ప్రమాణం సంఖ్య పెరిగితే ప్రకాశం తగ్గినట్టు లెక్క.

మీరూ చేయొచ్చు. చలికాలంలో వారానికోసారి, రెండూ ఆకాశంలో ఎత్తుగా, దాదాపు సమానమైన ఎత్తులో ఉన్నప్పుడు చూడండి. ఏది ఎక్కువగా వెలుగుతోంది? ఆరుద్ర తగ్గినట్టు అనిపిస్తే, పునర్వసు జంటలో ప్రకాశవంతమైన పొలక్స్‌తో కూడా పోల్చండి. దాని ప్రమాణం 1.1. ఆరుద్ర ఈ రెంటి మధ్య ఉందా, రెంటికీ కిందికి పోయిందా అన్నది తేదీ, టైముతో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఎర్రటి చుక్కను తదేకంగా చూస్తే ఉన్నదానికంటే ప్రకాశంగా అనిపిస్తుంది, అందుకే చూపును ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకు త్వరత్వరగా తిప్పుతూ ఉండాలి. చంద్రుడు దగ్గర్లో ఉన్న రాత్రులు, పొగమంచు ఉన్న రాత్రులు వదిలేయండి. ఏప్రిల్‌లో రోహిణి ముందుగా పడమటికి దిగిపోతుంది, కింద ఉన్న చుక్క వెలుగును గాలి తినేస్తుంది కాబట్టి మార్చి దాటాక పోలిక ఆపి, మళ్లీ నవంబర్‌లో మొదలుపెట్టండి.